వాడని స్కీ బూట్ల వయసు

స్కీ బూట్లు ఎంతకాలం పనికివస్తాయన్న ప్రశ్నతో తార్నాకలో ఎవరికీ పని లేదు. ఇక్కడ డిసెంబరులో స్వెట్టర్ వేసుకున్నవాళ్లను చూసి, వేసుకోనివాళ్లు నవ్వుతారు. అయినా కిందటి వానాకాలం చివర దాదాపు నెల రోజులు నేను ఆ ప్రశ్నతోనే గడిపాను. అందుకు కారణం ఒక ఫోన్ కాల్.

చేసినది నా స్నేహితురాలు. నేను విశ్వవిద్యాలయంలో పాలిమర్ రసాయనశాస్త్రం చెబుతాను. ఆమె అదే ప్రాంగణంలో, రెండు భవనాల అవతల, భౌతికశాస్త్రం చెప్పేది. నలభై దాటిన తర్వాత ఇద్దరం కలిసి కాశ్మీరులో మంచు మీద జారడం నేర్చుకున్నాం. ఆ పై చాలా జనవరులు కలిసే వెళ్లాం. మాలో ఎవరూ గొప్పగా జారేవాళ్లం కాదు. ఆమె ముందు దిగి మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి కర్ర పైకెత్తేది. అప్పుడు నేను బయలుదేరేదాన్ని. మా పద్ధతి అంతే. తర్వాత ఆమె మోకాలు పాడైంది. కరోనా వచ్చింది. ఆమె గడువుకు ముందే ఉద్యోగం వదిలి, మియాపూర్‌లో తమ్ముడి అపార్ట్‌మెంట్ పక్కన ఫ్లాట్ తీసుకుని వెళ్లిపోయింది. తార్నాక నుంచి మియాపూర్‌కు మెట్రో ఉంది. రోజూ నడుస్తుంది. అయినా మా కలయికలు వారం నుంచి నెలకు, నెల నుంచి పండగ సందేశాలకు వచ్చి ఆగాయి. దీనికి ఫలానా కారణమని చెప్పగలిగినది ఒక్కటీ లేదు. నేను వెతికాను.

అందుకే ఆ రోజు ఫోన్‌లో ఆమె పేరు కనిపించగానే ఏదో చెడు కబురనుకున్నాను.

"ఏమే, జనవరిల పోదామా?" అన్నది, పలకరింపు లేకుండానే.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంది? మంచుకు."

"నీ మోకాలు?"

"మంచిగైంది. నీ బూట్లున్నయా, పడేసినవా?"

"ఉన్నయి. అటక మీద పెట్టిన."

"ఇంకేంది మరి. కొత్తయే కదా అవి. నాయి ఎవరికో ఇచ్చేసిన. నేను ఆడనే కిరాయికి తీసుకుంట. ఈ ఒక్కసారి పోయొద్దామే. మళ్ల ఎవరు పోతరు, ఎవరు పోరు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాను. పక్కన ఒక మనిషి ఉండగా పది రోజులు గడపడం అనేది ఎంతకాలంగా నా జీవితంలో లేదో అప్పుడే తెలిసింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. విభాగంలో రోజంతా మాట్లాడతాను గాని, అది పాఠం. ఆ ప్రయాణం నాకు కావాలి. ఆమెతోనే కావాలి. బూట్ల విషయం అక్కడి నుంచే మొదలైంది.

సొంత బూట్లు ఉండటం దర్జా కోసం కాదు. నా పాదం ముందువైపు వెడల్పు ఎక్కువ. నేర్చుకునే రోజుల్లో కిరాయి బూట్లలో వేళ్లు మొద్దుబారిపోయేవి. సాయంత్రం బూటు విప్పితే ఏడుపు వచ్చేది. తర్వాత ఒక ఏడు కొండ మీది దుకాణంలో కొత్తవి కొన్నాను. వాళ్లు పైపెంకును వేడిచేసి, నా పాదం ఉబ్బిన చోట బయటికి సాగదీసి ఇచ్చారు. స్కీ బూటు నిజానికి రెండు బూట్లు: బయట బిగుసుకుపోయిన ప్లాస్టిక్ పెంకు, దానిలోపల తీసి పెట్టుకోగల మెత్తటి జోడు. పెంకు కాలిని మంచు మీద జారే పలకకు కట్టిపడేస్తుంది. మెత్త కాలిని పెంకు నుంచి కాపాడుతుంది. ఆ బూట్లు తొడిగినది రెండు జనవరులే. చివరిసారి తిరిగి వచ్చాక గుడ్డతో తుడిచి, ఒక్కో బూటును మందపాటి పాలిథీన్ కవరులో పెట్టి, గాలి చొరకుండా టేపు అంటించి, నాఫ్తలీన్ ఉండలు వేసిన అట్టపెట్టెలో పడుకోబెట్టి అటకెక్కించాను.

దీన్ని జాగ్రత్త అంటాం. మా ఇళ్లలో కొత్త వస్తువును కాపాడుకోవటమంటే దాని కవరు తీయకపోవటం. కింది వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు టీవీ రిమోట్‌ను కవరులోంచే నొక్కుతుంది. కవరు మీద అంకెలు అరిగిపోయాయి గాని, లోపల అంకెలు కొత్తగానే ఉన్నాయి. ఆమె పరుపు కొని చాలా ఏళ్లయింది. ఇప్పటికీ కూర్చుంటే కరకరమంటుంది. నేను చదువుకున్నదాన్ని కాబట్టి టేపు కూడా వేశాను.

పెట్టె దించి కవర్లు కోసినప్పుడు బూట్లు నిగనిగలాడాయి. ఒక్క గీత లేదు. కాని నాఫ్తలీన్ వాసన కింద మరొక వాసన ఉంది, సన్నగా, పుల్లగా. అది నాకు నచ్చలేదు.

ముందు చదివాను. ఇంటర్నెట్‌లో స్కీ బూట్ల ఆయుర్దాయం గురించి రాసినవాళ్లకు కొదవ లేదు. కొందరు రోజుల్లో లెక్క చెబుతారు: ఇన్ని వందల రోజులు జారితే కొత్తవి కొనాలి. కొందరు సంవత్సరాల్లో చెబుతారు. ఎవరి సంఖ్య వాళ్లది. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్తే, ఒకరు మరొకరిని చూసి రాశారు. ఆ మరొకరు బూట్లు అమ్మేవారు. ఎవరూ ఏదీ కొలిచినట్టు కనిపించలేదు. అందుకని సంఖ్యలను పక్కన పెట్టి, ఏ భాగం ఎందుకు పాడవుతుందో చూశాను. అక్కడ నమ్మదగిన తర్కం ఉంది. లోపలి మెత్త తొడిగిన కొద్దీ నలిగి పల్చబడుతుంది. అప్పుడు మడమ లోపల లేస్తుంది, కాలు చెప్పినది పలకకు చేరదు. అడుగుభాగం కార్ల పార్కింగుల్లో, మెట్ల మీద నడిచిన కొద్దీ ముందూ వెనకా అరుగుతుంది. మనిషి పడినప్పుడు బూటును విడిచిపెట్టాల్సిన పలక మీది బిగింపు అప్పుడు సరిగా విడవకపోవచ్చు. ఈ రెండూ వాడకం వల్ల వచ్చే వృద్ధాప్యం. నా బూట్లకు అది లేదు.

మూడోది పెంకు. అది వాడకపోయినా ముసలిదవుతుంది. చాలా బూట్ల పెంకు పాలియురేథేన్ జాతి ప్లాస్టిక్. అందులో కొన్ని రకాల్లోని అణువుల గొలుసులను తేమ మెల్లగా తెంపుతుంది. వేడి ఆ పనిని తొందర చేస్తుంది. దీన్ని జలవిశ్లేషణ అంటాం. ఏటా ఈ పాఠం బోర్డు మీద రాస్తాను. చివరిసారి మంచులోంచి వచ్చిన మెత్తలో మిగిలిన చెమ్మను, ఆ చెమ్మతో పాటే బూటును, గాలి చొరకుండా మూసి, ఎండకు కాగే స్లాబు కింద అన్ని వేసవులు ఉంచినది నేనే. నా పెంకు ఏ రకానిదో లేబుల్ చెప్పదు. కాబట్టి పాడైందని అనలేను. బాగుందనీ అనలేను.

బూట్లు తొడిగి హాల్లో నడిచి చూశాను. హాయిగా ఉన్నాయి. చీలమండ దగ్గర చక్కగా వంగాయి. ఒక నిమిషం సంతోషించి, తర్వాత ఆ సంతోషానికి ఆధారం లేదని గుర్తించాను. ఈ ప్లాస్టిక్ మా హాల్లోని వేడికి మెత్తగానే ఉంటుంది; సున్నాకు దిగువన అదే ప్లాస్టిక్ వేరే వస్తువు. తార్నాకలో బాగుండటం కొండ మీద బాగుండటానికి సాక్ష్యం కాదు. ఇంతలో కింది నుంచి పిలుపు వచ్చింది.

"ఏం బిడ్డా, పైన ఏం దొర్లిస్తున్నవ్? రోలా?"

"బూట్లు, ఆంటీ. మంచుల ఏసుకునేవి."

"ఇంట్ల ఎందుకేసుకున్నవ్ మరి?"

బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని గదిలోకి నడిచాను.

మర్నాడు కుడి బూటును సంచిలో పెట్టుకుని విభాగానికి వెళ్లాను. తార్నాక చౌరస్తా దాటి ప్రాంగణంలోకి వచ్చాక రోడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. పొద్దున నడకకు వచ్చేవాళ్లు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా ఎదురవుతారు. చాలామంది ముఖాలు నాకు తెలుసు, పేర్లు తెలియవు. మా ప్రయోగశాలలో నమూనాలు దాచే పెద్ద ఫ్రీజర్ ఉంది. మెత్త తీసేసి పెంకును అందులో పెట్టాను. సాయంత్రం మా అటెండరు ఫ్రీజర్ తెరిచి, నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఆయన నవ్వడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

"మేడం, ఫ్రీజర్ల బూటున్నది."

"అవును. నేనే పెట్టిన."

"ఒక్కటే ఉన్నది."

"రెండోది ఇంట్ల ఉన్నది."

ఆయన కాస్త ఆలోచించాడు. "చేపలు పెట్టినోళ్లను చూసిన మేడం. ఓ సార్ అయితే మామిడికాయ తొక్కు పెడుతుండె. బూటు పెట్టుడు మాత్రం ఇదే చూసుడు. పాడైతదా బయట పెడితే?"

"పాడైందా లేదా అని చూస్తున్న."

"అట్లనా," అని, నాకేదో అయిందని నిర్ధారించుకున్నవాడిలా మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు.

మర్నాడు చేతి తొడుగులు వేసుకుని పెంకు తీసి, చీలమండ దగ్గర కీలును రెండు చేతులతో వంచాను. కాలు వంచేంత బలం కూడా పెట్టలేదు. టప్‌మని చప్పుడయింది. కింది బకిల్ పక్క నుంచి అడుగు దాకా పగులు పాకింది. అంచులు గాజు విరిగినట్టు శుభ్రంగా ఉన్నాయి.

అభ్యంతరం నాకే తోచింది. మా ఫ్రీజర్ ఆ కొండ కంటే చాలా చల్లన. పరీక్ష అన్యాయమైనది కావచ్చు. న్యాయంగా చేయాలంటే కొండ మీది చలికి దగ్గరగా, రెండో బూటుతో చేయాలి. అంటే రెండో బూటును కూడా పణంగా పెట్టాలి. ఒక్క బూటుతో ఎవరూ జారరు కాబట్టి ఎడమదాన్ని దాచుకోవటంలో అర్థం లేదు. అయినా దాన్ని తీసుకెళ్లడానికి మూడు రోజులు పట్టింది. అది గదిలో మూలన, కాలు లేకుండా, ఎవరో విడిచి లోపలికి వెళ్లినట్టు నిలబడి ఉండేది. చివరికి తీసుకెళ్లాను. ఈసారి ఫ్రీజర్‌ను తక్కువ చలికి సరిదిద్ది, పెంకును అందులో ఉంచాను. వంచినప్పుడు చప్పుడు రాలేదు. దీపం కింద పెట్టి చూస్తే, కీలు చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. రెండు నమూనాలతో ఏ సిద్ధాంతమూ నిలబడదు. కాని నా కాళ్లు కూడా రెండే. ఇలాంటి బూటు వాలు మధ్యలో విరిగితే ఏమవుతుందో ఊహించడానికి గణాంకం అక్కర్లేదు.

ఆ రాత్రే ఆమెకు ఫోన్ చేశాను. చెబుతుంటే గొంతులో దిగులు ఉందేమో, ఆమె మొదట నవ్వింది, తర్వాత ఆపింది.

"రెండు పగలగొట్టినవా?"

"పగిలినయి."

"నువ్వు పగలగొట్టినవే. ఫ్రీజర్ల పెట్టకుంటె పగలకపోతుండె."

"కొండ మీద పగులుతుండె."

"సరే తియ్. నువ్వు గూడ కిరాయికి తీసుకో. అప్పుడంటే వాళ్ల దగ్గర మంచియి లేకుండె. ఇప్పుడు వెడల్పు కాళ్లకు గూడ వస్తున్నయంట. దుకాణమాయనకు మెసేజ్ పెట్టు. వెనక్కు తగ్గకు, ఏమే."

చివరి మాట ఆమె గట్టిగా అన్నది. అందులో వేడుకోలు ఉందని ఆ రోజు నాకు అనిపించలేదు.

కొండ మీది దుకాణదారుడు వెంటనే జవాబిచ్చాడు. స్కీ బూటు కొలత చెప్పుల నంబరు కాదు. పాదం పొడవు, సెంటీమీటర్లలో. మడమను గోడకు ఆనించి నిలబడి, బరువంతా ఆ కాలి మీద వేసి, పొడవైన వేలి కొన దగ్గర గీత గీయించుకుని కొలవండి అని రాశాడు. గీయించుకుని, అన్నాడు. ఆ మాట మీద నేను ఆగలేదు.

గోడ దగ్గర కాగితం వేసి నిలబడ్డాను. గీత గీయడానికి వంగితే బరువు మడమ నుంచి వేళ్ల మీదికి జరుగుతుంది, మడమ గోడను వదులుతుంది, పాదం ముందుకు పాకుతుంది. కూర్చుని గీస్తే పాదం మీద బరువు ఉండదు, పొట్టిగా వస్తుంది. పెన్సిల్‌ను కర్రకు కట్టి నిలబడే గీశాను, పెన్సిల్ ఒరిగింది. ఎన్నిసార్లు చేసినా ప్రతిసారీ వేరే కొలత. తేడా చిన్నదే గాని ఒక సైజంత తేడా. పరికరం తప్పు కాదు, పద్ధతి తప్పు కాదు. ఈ కొలతకు రెండో మనిషి కావాలి. నా పాదం పొడవు నేను ఒక్కదాన్నే తెలుసుకోలేనని యాభై నాలుగేళ్ల వయసులో, కాగితాల మధ్య నిలబడి గ్రహించాను.

కింది వాటాకు వెళ్లి ఇంటి యజమానురాలిని అడిగాను. పెన్సిల్ చేతికిచ్చి ఏం చేయాలో చెప్పేసరికి ఆమె వెనక్కి జరిగింది.

"నీ కాళ్ల కాడ నేను కూసోవాల్నా?"

"ఒక్క గీత, ఆంటీ."

"నాకంటే చిన్నదానివి. పెద్దది చిన్నదాని కాళ్లు ముట్టొచ్చునా? నీకే అరిష్టం, నాకేం గాదు."

అరిష్టానికి ఆధారమేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఆలోచిస్తే, ఆమె నా కాళ్ల దగ్గర కూర్చుంటే నేనూ నిలబడలేకపోయేదాన్ని. నిలబడ్డా, మడమ గోడకు ఆనేది కాదు.

"నీ ఈడు దాన్ని పిలువు," అన్నది ఆమె, పెన్సిల్ తిరిగి ఇస్తూ. "దోస్తు లేదా నీకు?"

ఆదివారం నా స్నేహితురాలు వచ్చింది. ఎన్నాళ్లకో. మెట్రో దగ్గరికి వస్తానంటే వద్దన్నది. ఆటోలో గుమ్మం దాకా వచ్చింది. పైకి రావడానికి చాలా సమయం పట్టింది. మధ్యలో ఆగి ఇంటి యజమానురాలితో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. మాటల కోసమే ఆగిందనుకున్నాను. జుట్టు సగం నెరిసింది. రంగు వేయడం మానేసినట్టుంది. లాలాపేట్‌లో మేమిద్దరం ఒకప్పుడు తినే బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చింది. చాయ్ తాగాం. ఒకరి మాట ఒకరు వినకుండా ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. ఆ గదిలో అంత చప్పుడు విని చాలా కాలమైంది.

"దా, నీ పాదసేవ చేస్త," అంటూ లేచింది.

మడమ గోడకు ఆనించి నిలబడ్డాను. ఆమె పెన్సిల్ పట్టుకుని నా ముందుకు వచ్చి, కుర్చీ చేతిని పట్టుకుని వంగింది. కొంత దూరం వంగి ఆగింది. కుడి కాలిని పక్కకు చాపి మళ్లీ ప్రయత్నించింది. ముఖం నాకు కనిపించకుండా దించుకుంది గాని, కుర్చీ చేతి మీద ఆమె వేళ్లు తెల్లబడటం కనిపించింది. తర్వాత మెల్లగా లేచి ఆ కుర్చీలోనే కూర్చుంది. అక్కడి నుంచి నేల అందలేదు.

నేను గోడ దగ్గరి నుంచి ఇవతలికి వచ్చాను.

"మంచిగైందన్నవ్," అన్నాను.

"నడుస్తున్న కదా."

"డాక్టర్ ఏమన్నడు?"

"మెట్లు ఎక్కువ ఎక్కొద్దన్నడు."

"మంచు సంగతి?"

"అడగలే."

"ఎందుకడగలే?"

"అడిగితే వద్దంటడు. అందుకే అడగలే." నవ్వబోయింది. "నేను జారనే. నువ్వు జారు. నేను కింద ఎండల కూసుంట. కహ్వా చాయ్ తాగుకుంట చూస్త. ముందే చెప్తే నువ్వొస్తుంటివా? నువ్వు ఒక్కదానివి జారనంటవ్. నాకు తెల్వదా నీ సంగతి?"

ప్లాస్టిక్‌ను రెండు చలుల్లో పరీక్షించాను. అమ్మకందారుల సంఖ్యలను మొదలు దాకా తవ్వాను. ఫోన్‌లో ఆమె అన్న 'మంచిగైంది' అనే ఒక్క మాటను మాత్రం అలాగే తీసుకున్నాను. అది నిజం కావాలని నాకు ఉండింది. విద్యార్థులు ఇలా చేస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తాను.

"మళ్ల ఎప్పుడు చూపించుకుంటవ్ మోకాలు?"

"వచ్చే మంగళారం."

"నేనొస్త."

"ఎందుకు, నన్ను గూడ ఫ్రీజర్ల పెడతవా?" అన్నది. తర్వాత, గొంతు తగ్గించి, "రా," అన్నది.

కొలత ఇంకా మిగిలే ఉంది. నన్ను మంచం మీద నిలబడమన్నది. పరుపు మెత్తన, కొలత చెడుతుందన్నాను. బల్ల ఎక్కమన్నది, దాని కాలు ఊగుతుంది. చివరికి ఇద్దరం వంటింట్లోకి వెళ్లాం. స్టవ్ పక్కకు జరిపి, గట్టు తుడిచి, కాగితం పరిచి, స్టూలు వేసుకుని గట్టు ఎక్కాను. టైల్స్ గోడకు మడమ ఆనించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తలకు తగలకుండా మెడ వంచి నిలబడ్డాను. నా పాదం ఆమె నడుము ఎత్తుకు వచ్చింది. ఆమె నిలబడే, ఏమీ వంగకుండా, పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని వేలి కొనకు ఆనించింది. చేయి వెచ్చగా ఉంది. కుడి కాలు, ఎడమ కాలు, మళ్లీ కుడి కాలు. కుడి కాలికి రెండుసార్లూ ఒకే కొలత వచ్చింది.

"రాయి. ఒక్క జతనే రాయి," అన్నది. "నాకొద్దు."

చీకటి పడకముందే ఆటో ఎక్కించాను. మెట్ల మీద ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ చేర్చి దిగింది. ఈసారి దాచడానికి ప్రయత్నించలేదు. ఆటో మలుపు తిరిగాక పైకి వచ్చి, స్టవ్‌ను దాని చోటికి జరిపి, దుకాణదారుడికి పొడవు రాశాను. వెడల్పు కూడా రాశాను. ఒక జత అన్నాను.

కొద్దిసేపటికి అతని నుంచి ప్రశ్న వచ్చింది: మేడం, వచ్చేది మీరు ఒక్కరేనా?

జారేది ఒకరు, వచ్చేది ఇద్దరు అని టైపు చేశాను. మొదటి భాగానికి నా దగ్గర కొలత ఉంది. రెండో భాగానికి ఏ ఆధారమూ లేదు. మంగళవారం డాక్టరు ఏమంటాడో, జనవరి నాటికి ఆమె ఏమంటుందో తెలియదు. సందేశాన్ని రెండుసార్లు చదివి, ఏదీ కొట్టేయకుండా పంపాను.